కుట్టు ఇప్పుడే వేయించుకోవాలా, ఆగి చూడాలా?

ప్రశ్న: నా వయసు 27. మాది భూపాలపల్లి దగ్గర పల్లె. ఆయన సింగరేణిలో కాంట్రాక్టు మీద పని చేస్తారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. మూడేళ్ల కింద మొదటిసారి తొమ్మిదో వారంలో గుండె కొట్టుకోవడం లేదని డీఎన్‌సీ చేశారు. నిరుడు మళ్లీ నెల తప్పాను. టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు. 21వ వారంలో ఒకరోజు పొద్దున్నుంచి పొత్తికడుపు కింద బరువుగా ఉంది, తెల్లబట్ట నీళ్లలా ఎక్కువైంది. నొప్పి మాత్రం లేదు. సాయంత్రం బాత్రూంలో బుడగలాంటిదేదో కిందికి జారినట్టు చేతికి తగిలింది. ఇక్కడ చూసిన డాక్టరమ్మ గర్భసంచి మూతి తెరుచుకుంది, ఉమ్మనీటి సంచి బయటికి వస్తోంది, వెంటనే వరంగల్ పొమ్మన్నారు. పరకాల దాటాక నీళ్లు పోయాయి. ఆసుపత్రికి చేరిన గంటకే కాన్పయింది. బాబు. నిలవలేదు.

ఇప్పుడు నాకు 14వ వారం. హన్మకొండలో ఒక డాక్టర్ ఈ వారమే మూతికి కుట్టు వేద్దామంటున్నారు. ఇంకో డాక్టర్ తొందర లేదు, 16వ వారం నుంచి స్కాన్లు చేసి మూతి పొట్టిబడితేనే వేద్దామంటున్నారు. కుట్టు వేస్తే సూది బిడ్డకు తగులుతుంది, తర్వాత ఆపరేషనే అవుతుంది, మంచం దిగకుండా పడుకుంటే చాలు అని మా అత్తమ్మ అంటోంది. ఆయనేమో నువ్వెట్లంటే అట్ల అంటారు. మిషన్ తొక్కడం వల్లే అట్ల అయిందని చుట్టాలంతా అన్నారు. నిజమేనా? బతుకమ్మ పండుగకు ఇంకా ఆరు వారాలుంది, బ్లౌజులు ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా తేల్చుకోలేకున్నాను. మా అమ్మవాళ్లది కాజీపేట.
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలో డాక్టర్లకు అన్నిటికంటే పనికొచ్చే మాట ‘నొప్పి మాత్రం లేదు’ అన్నది. ఆ తర్వాత, ఏది ముందు ఏది వెనక అని మీరు రాసిన వరుస. ముందు బరువు, తర్వాత నీళ్లలాంటి తెల్లబట్ట, తర్వాత బుడగ, చివరికి నీళ్లు పోవడం. మూతి ముందే తెరుచుకుంది, సంచి అందులోంచి జారింది, కింద ఆధారం లేక పగిలింది. ఈ వరుస తిరగబడి ముందు నీళ్లు పోయి ఉంటే, లేదా జ్వరంతోనో రక్తస్రావంతోనో మొదలై ఉంటే, ఇన్‌ఫెక్షనో, మాయ విడిపోవడమో కారణమై ఉండేది. అప్పుడు కుట్టు మీద ఇంత ఆశ పెట్టుకునే పని ఉండదు.

మూతి అని మనం అంటాం గానీ అది ఒట్టి రంధ్రం కాదు. మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల పొడవున్న మెడ. దానికి లోపల ఒక ద్వారం, బయట ఒక ద్వారం. నెలలు నిండేదాకా గట్టిగా, మూసుకుని ఉండాల్సిన ఈ మెడ కొందరికి అయిదో నెలలో బరువు పెరిగేసరికి లోపలివైపు నుంచి విచ్చుకుంటుంది. నొప్పులు వచ్చి తెరుచుకోవడం కాదు గనుక తెలియదు. ఉమ్మనీటి సంచి రెండు పలుచటి పొరలు. వెనక మెడ గట్టిగా ఉన్నంతసేపు ఆ పొరలు ఎంత బరువైనా ఆపుతాయి. యోనిలోకి జారాక ఆపేదేమీ ఉండదు, పైగా అక్కడి క్రిములు తగిలి పొర మెత్తబడుతుంది. కాబట్టి మీ సంచి బలహీనమైందేమీ కాదు. టిఫా స్కాన్‌లో తెలియకపోవడానికీ కారణముంది. అది బిడ్డ అవయవాలు చూసే స్కాన్. పొట్ట మీది నుంచి, తరచుగా మూత్రం నిండుగా ఉన్నప్పుడు చేస్తారు. నిండిన మూత్రసంచి మెడను నొక్కేసి ఉన్నదానికంటే పొడుగ్గా చూపిస్తుంది.

ఇక డాక్టర్ల సంగతి. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారంటే ఒకరు తప్పని కాదు. నొప్పి లేకుండా అయిదారు నెలల్లో ఒక్కసారి ఇలా జరిగినా 12 నుంచి 14 వారాల మధ్య నేరుగా కుట్టు వేయవచ్చని అమెరికా ప్రసూతి వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. బ్రిటన్ వాళ్లు మూడు లేదా ఎక్కువసార్లు ఇలా జరిగితేనే నేరుగా వేయమంటారు, ఒకటి రెండుసార్లయితే స్కాన్లతో కనిపెట్టి చూడమంటారు. మీ లెక్కలో 21వ వారం కాన్పు ఒక్కటే వస్తుంది. తొమ్మిదో వారంలో గుండె ఆగడానికీ మూతికీ సంబంధం లేదు. ఆ డీఎన్‌సీలో మెడను సాగదీసి ఉంటారు గనుక కొంత బలహీనపడి ఉండొచ్చు, అంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు.

మొదటి దారి, అంటే ఇప్పుడే కుట్టు వేయడం, ఏమిటో మీకు చెప్పడం తేలిక. లంగా నడుంపట్టీలో నాడా ఎక్కించి బిగిస్తారు కదా, మెక్‌డొనాల్డ్ కుట్టు అచ్చం అదే. మెడ చుట్టూ నాలుగైదు చోట్ల సూది దించి, గుండ్రంగా తిప్పుకొచ్చి, ఒకచోట ముడి వేస్తారు. సన్నటి దారమైతే బిగించినచోట కండను కోసేస్తుంది. అందుకే 5 మిల్లీమీటర్ల వెడల్పున్న టేపో, మందపాటి నైలాన్ దారమో వాడతారు. తీసేరోజు చేతికి దొరకాలని ముడి కొసలు కాస్త పొడుగ్గా వదులుతారు. సూది మెడ కండలోనే నడుస్తుంది, బిడ్డ ఉన్నచోటికి పోదు. అత్తమ్మకు ఈ మాట చెప్పండి. ఇదేదో కొత్త ఫ్యాషన్ కాదనీ చెప్పండి: ఈ రకం కుట్టును 1955లో లోకానికి చూపింది బొంబాయి డాక్టర్ షిరోడ్కర్. మెక్‌డొనాల్డ్‌ది రెండేళ్ల తర్వాత వచ్చిన సులువైన పద్ధతి.

నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి అరగంట లోపు వేసేస్తారు. ఆ రోజు సాయంత్రమో మర్నాడో ఇంటికి పంపుతారు. వేసేముందు 11 నుంచి 14 వారాల్లో చేసే ఎన్‌టీ స్కాన్ బాగుందా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందా, తెల్లబట్టకు వాసన, దురద ఉన్నాయా అని చూడాలి. ఇన్‌ఫెక్షన్ ఉండగా బిగించడం లోపల చెత్త ఉంచి తలుపేసినట్టే. రెండు మూడు రోజులు చుక్క చుక్క రక్తం, నెలసరి నొప్పిలాంటి లాగుడు మామూలే. నష్టాలూ ఉన్నాయి: అరుదుగా ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, వేసేటప్పుడే సంచి చిల్లుపడటం. కుట్టు ఉండగా గట్టి నొప్పులు మొదలై ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్తే మెడ చిరుగుతుంది. 36, 37 వారాల మధ్య తీసేస్తారు, చాలామందికి మత్తు కూడా అవసరం పడదు. తీశాక మామూలు కాన్పు కావచ్చు. ఆపరేషన్ తప్పదన్నది పొట్ట కోసి లోపలివైపు వేసే కుట్టు విషయంలో మాత్రమే నిజం. కింది నుంచి వేసిన కుట్టు ఫలించనివాళ్లకు గానీ దాని అవసరం రాదు.

రెండో దారిలో, అంటే ఆగి చూసేదాంట్లో, 16, 18, 20, 22, 24 వారాల్లో యోని ద్వారా స్కాన్ చేసి మెడ పొడవు కొలుస్తారు. మూత్రం పూర్తిగా పోసి వెళ్లాలి. రిపోర్టులో ‘సర్వైకల్ లెంగ్త్’ పక్కన ఉన్న అంకె మీరే చూసుకోవచ్చు. 30 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తారు. 25 నుంచి 29 మధ్య ఉంటే వారానికే మళ్లీ చూడాలి. 25 లోపుకు వస్తే కుట్టు. ‘ఇంటర్నల్ ఓఎస్ క్లోజ్డ్’ అని ఉంటే లోపలి ద్వారం మూసే ఉందని. ‘ఫన్నెలింగ్’ అని ఉంటే గరాటులా విచ్చుకుంటోందని. అప్పుడు గరాటు కింద మూసుకున్న భాగం ఎంత మిగిలిందన్నదే లెక్క. ఈ దారి మేలు ఏమిటంటే, మీలాంటి గతం ఉన్నవాళ్లలోనూ సగానికి పైగా మందికి మెడ 25 కిందికి రాదు, వాళ్లకు కుట్టే అక్కర్లేదు. దీని ప్రమాదం ఒక్క స్కాన్ తప్పడంలో ఉంది. రెండు వారాల్లో 30 నుంచి 15కు పడిపోయే మెడలుంటాయి.

కాబట్టి మీరెక్కడ ఉండబోతున్నారన్నది ముందు తేలాలి. కాజీపేటలో అమ్మ దగ్గరుండి రెండు వారాలకోసారి తప్పకుండా స్కాన్‌కు వెళ్లగలిగితే ఆగి చూడటం సమంజసమే. భూపాలపల్లిలోనే ఉంటాను, ఆయనకు షిఫ్టు కుదిరినప్పుడే వస్తానంటే ఇప్పుడే కుట్టు వేయించుకోవడంలో న్యాయముంది. రెండింటిలో ఏదైనా సరే, నిరుటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం వెతకండి. చేరేసరికి మూతి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, జ్వరం ఉందా, తెల్ల రక్తకణాలు పెరిగాయా, మాయను పరీక్షకు పంపితే అందులో ఇన్‌ఫెక్షన్ అని వచ్చిందా, మాయ వెనక రక్తం గడ్డకట్టి ఉందా. ఈ అయిదూ చూశాక ఇద్దరు డాక్టర్లలో ఒకరు తమ మాట మార్చుకున్నా ఆశ్చర్యం లేదు.

తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి తీసుకెళ్లడం మన ఆచారం. మీకు గండం అయిదో నెలలో ఉంది. 17వ వారానికే వెళ్లిపోండి, కనీసం 28 దాకా అక్కడే ఉండండి. పెద్దవాళ్లు ముహూర్తమంటే, సీమంతం ఏడో నెలలో అక్కడే చేసుకోవచ్చు.

మందుల విషయం. మెడ పొట్టిబడితే రోజూ రాత్రి 200 మిల్లీగ్రాముల ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ యోనిలో పెట్టుకోవడం కుట్టుకు బదులుగానో తోడుగానో రాస్తారు. నోట్లో వేసుకుంటే మగతే తప్ప మూతికి అందేది తక్కువ. పొద్దున తెల్లగా, జిడ్డుగా కారేది ఆ క్యాప్సూల్ మిగులే, ఉమ్మనీరనుకుని హడలిపోకండి. బలానికని వారం వారం హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే ఎందుకని అడగండి. నెలలు నిండకుండా జరిగే కాన్పులను అది ఆపడం లేదని తేలి 2023లో అమెరికా దాని అనుమతి రద్దు చేసింది.

నిరుటి బరువు మళ్లీ అనిపిస్తే సాయంత్రం దాకా చూడొద్దు. బాత్రూంలో ముక్కొద్దు, చేతితో తడిమి చూడొద్దు. ఏమీ తినకుండా, ఎడమవైపు తిరిగి పడుకుని 108కు ఫోన్ చేయించండి. 102 అమ్మ ఒడి బండి నెలనెలా చెకప్‌లకు, ఇలాంటప్పుడు 108. వరంగల్‌లో సీకేఎం, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కాన్పులకే ఉన్నవి. ఎంజీఎం అన్నిటికీ పెద్దాసుపత్రి. ప్రైవేటైనా ప్రభుత్వమైనా మీరు చూపించుకునే చోట కిలో లోపు బరువున్న బిడ్డను ఉంచే వసతి ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

సంచి కనబడుతున్నా నీళ్లు పోకుండా, నొప్పులూ జ్వరమూ లేకుండా ఉంటే అత్యవసర కుట్టు అని ఒకటుంది. కొన్ని గంటలు కనిపెట్టి, ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకున్నాక, తల కిందికి కాళ్లు పైకి ఉండేలా బల్ల వంచి, నీళ్లు నింపిన చిన్న బెలూన్‌తో సంచిని మెల్లగా లోపలికి నెట్టి, మెడ అంచులు పట్టుకుని కడతారు. నాలుగు సెంటీమీటర్లకు పైగా తెరుచుకుంటే, సంచి యోనిలోకి దిగితే ఫలించే అవకాశం బాగా తగ్గుతుంది. ఈ కుట్టు సగటున 34 రోజులు సంపాదించి పెడుతుందని లెక్క. ఆ అయిదు వారాలు మీరున్న వారానికి కలిపి చూసుకోవాలి. 22వ వారంలో వేస్తే 27కు చేరతారు, బిడ్డకు బతికే వీలు బాగా ఉంటుంది. 18లో వేస్తే 23కు చేరి ఆగొచ్చు. అది బిడ్డ బతికీ బతకని, బతికినా చిక్కులు మిగిలే వారం. అందుకే అప్పుడు వేయమని డాక్టర్ వెనకాడితే అది నిర్లక్ష్యమనుకోవద్దు, ఈ లెక్క ముందు పెట్టి మాట్లాడండి.

నీళ్లు కారుతున్నాయేమోనని అనుమానం వస్తే మూత్రం పోసుకుని, శుభ్రమైన తెల్లటి నూలుబట్ట పెట్టుకుని అరగంట పడుకుని లేవండి. లేవగానే బొళుక్కున వచ్చి బట్ట పలచగా తడిసి, మూత్రం వాసన లేకపోతే ఉమ్మనీరే అనుకోండి. బట్టను పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. వేళ్లు పెట్టి చూడటం వల్ల క్రిములు పైకి పోతాయి, స్పెక్యులమ్‌తో (యోనిని కాస్త తెరిచి లోపల చూసే పరికరంతో) చూడమని అడగడం మీ హక్కు. ఉమ్మనీరు తగ్గిందంటే కొబ్బరినీళ్లు తాగమంటారు. సంచి చిల్లుపడ్డాక ఎన్ని తాగినా ఆ చిల్లు పూడదు.

24 వారాలు దాటాక నీళ్లు పోతే ఆసుపత్రిలోనే ఉంచి యాంటీబయాటిక్, చాలాచోట్ల ఎరిత్రోమైసిన్ పది రోజులు ఇస్తారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు. ఇవి వారం లోపు కాన్పయ్యేలా ఉన్నప్పుడే పనికొస్తాయి, ముందు జాగ్రత్తకని ఊరికే చేయించుకునేవి కావు. కుట్టు ఉంటే ఆ ఇంజెక్షన్లు పూర్తయ్యేదాకా రెండు రోజులు ఉంచి తీస్తారు. 100.4 డిగ్రీల జ్వరం, వాసన, పొట్ట ముట్టుకుంటే నొప్పి, గుండెదడ వస్తే ఏ వారమైనా కుట్టు వెంటనే తీయాలి, కాన్పు చేయాలి. ఇంట్లో థర్మామీటర్ ఒకటి పెట్టుకోండి.

24 కంటే ముందే, అందులోనూ 20 లోపే నీళ్లు పోతే మాట వేరు. ఉమ్మనీరు లేకుండా బిడ్డ ఊపిరితిత్తులు ఎదగవు, తల్లికి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకే ప్రమాదం రోజురోజుకూ పెరుగుతుంది. జ్వరం, రక్తపరీక్షలు చూసుకుంటూ ఆగడం ఒక దారి, గర్భాన్ని ముగించడం ఇంకో దారి. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టంలోనూ తల్లి ప్రాణానికి ముప్పుంటే వారాల హద్దు లేదు. ఆ పరిస్థితి వస్తే ఏం చేయాలని మీ మనసులో ఉందో ఆయనకు ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే చెప్పి ఉంచండి. ‘నువ్వెట్లంటే అట్ల’ అన్న మనిషికి మీరేమంటారో తెలిసి ఉండాలి కదా.

అత్తమ్మ చెప్పిన మంచం సంగతి. పడుకుంటే మూతి మూసుకుంటుందని ఎక్కడా రుజువు కాలేదు. వారాల తరబడి పడుకుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండ కరుగుతుంది. ఆమె భయం మాత్రం నిజమైనది, నిరుడు ఆమెకూ మనవడు పోయాడు. నీళ్ల బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తే పని ఆమె చూసుకుంటానంటే కాదనకండి. మెడ పొట్టిబడినా, కుట్టు వేసినా డాక్టర్ సరేననేదాకా కలయిక వద్దనడం మామూలు, అది ఆయనకు మీరే చెప్పాలి.

మిషన్ తొక్కడం వల్ల మూతి తెరుచుకోదు. ఆటో కుదుపుకూ, మెట్లెక్కడానికీ, బొప్పాయికీ తెరుచుకోదు. నిరుడు మీరు చేసిన ఏ పనీ బాబును దూరం చేయలేదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తూ కుట్టుకోవచ్చు, మోటారు బిగించుకుంటే కాళ్లకు సుఖం. బ్లౌజులు మాత్రం ఆచితూచి ఒప్పుకోండి. పండుగ నాటికి మీరు 20వ వారంలో ఉంటారు, కుట్టు వేయించుకున్నా లేకున్నా అప్పటికి కాజీపేటలో ఉండాలి. 17వ వారంలోపు ఇచ్చేయగలిగినన్ని తీసుకోండి. మిగతావాళ్లకు ఈ ఏడు కాదని చెప్పండి, లేదా మిషన్‌ను కూడా అమ్మవాళ్లింటికి పంపించండి.